గేటు బయటి బొమ్మ

పోయిన వారం మనం బలరాంను మహబూబాబాద్‌లోని ఆటల గది ముందు బూట్లు విప్పించి నిలబెట్టి వచ్చాం. పాపం, మేజోళ్ళకు చిల్లు ఉన్న సంగతి అతనికి అక్కడే తెలిసింది. గది లోపల అతని ఆరేళ్ళ కూతురు శృతి ఇసుక తొట్టి ముందు కూర్చుని ఉంది. రెండు నెలలుగా ఆ పిల్ల నోట మాట లేదు. మొదట స్కూల్లో మానేసింది, తరువాత ఇంట్లో మానేసింది. చెవులు బాగున్నాయి, గొంతు బాగుంది, లోపల ఏదో గట్టిగా తగిలిందని జనగామ డాక్టరు చెప్పి, పిల్లలతో ఆటల ద్వారా పనిచేసే శ్వేత దగ్గరికి పొమ్మన్నాడు. అలాంటి గది ఇంకాస్త దగ్గర్లోనూ ఉంది. కానీ తెలిసినవాళ్ళు చూస్తారని బలరాం ఇంత దూరం ఎంచుకున్నాడు. శనివారం వస్తే చాలు, పక్కింటివాళ్ళకు ఏదో ఒక పెళ్ళి పేరు చెప్పి బయలుదేరేవాడు. ఇన్ని పెళ్ళిళ్ళు ఎక్కడివని వాళ్ళు అడగకపోవడం వాళ్ళ మంచితనం.

బలరాం జనగామలో బ్యాంకు ఆఫీసరు. సంతకం చూసి అసలుదో నకిలీదో ఇట్టే చెప్పేస్తాడని అక్కడ పేరు. గూడూరు దగ్గర తండాలో పుట్టి, దీపం పెట్టుకుని చదివి, పరీక్షలు రాసి పైకి వచ్చినవాడు. అందులో దాచుకోవలసింది ఏముందని మీరూ నేనూ అనుకుంటాం. అతను మాత్రం ఇంటి ముందు బోర్డు మీద పేరు చివరి ‘నాయక్’ను చెక్కించలేదు. కాలనీలో భార్య అనితతో కూడా ఇంటి భాష లంబాడీ మాట్లాడడు. శృతిని పెంచడానికి తల్లి జమ్లీని తండా నుంచి తెచ్చుకున్నప్పుడు, ఆమె రాకముందే ఆమెకు రెండు చీరలు కొన్నాడు.

ఆ జమ్లీ రెండు నెలల కింద ఉన్నట్టుండి మిరప ఏరడానికి పోతానని తండాకు వెళ్ళిపోయింది. ఆ మరునాటి నుంచే పిల్ల నోరు మూతపడుతూ వచ్చింది. ఈ రెండింటికీ సంబంధం ఏమైనా ఉందా, ఇంట్లోగానీ స్కూల్లోగానీ ఏమైనా జరిగిందా అని శ్వేత మొదటి రోజే అడిగింది. ఏమీ లేదన్నాడు బలరాం. స్కూల్లో టీచరు బెదిరించి ఉంటుందన్నాడు. అన్నవాడు ఊరుకోలేదు, స్కూలుకు పోయి రజిత టీచరును అందరి ముందూ నిలదీశాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ, తాను ఒక్క మాట కూడా అనలేదని చెబుతూనే ఉంది. ఆమెను ఆ తరగతి నుంచి తీసేసి పెద్ద తరగతులకు మార్చారు.

ఇక తలుపు దగ్గరికి వద్దాం.

“లోపల మూడు సంగతులు యాదికుంచుకోండి సార్,” అంది శ్వేత. “పాపను ప్రశ్నలు అడగొద్దు. తప్పులు దిద్దొద్దు. మీ చేతికి ఏదన్న బొమ్మ ఇస్తే, నేనేమనాలె అని మెల్లగ అడగండి. ఆమె ఏం చెప్తే గదే అనాలె.”

“ఆమె మాట్లాడదు కదా మేడం.”

“చేతులతోని చెప్తది. గిప్పటిదాక నాతోని గట్లనే ఆడుతుంది. ఆటల పాపనే పెద్ద మనిషి, మనం చిన్నోళ్ళం.”

బలరాం సరేనని తలూపాడు. ఇంత దూరం వచ్చి ఇసుకలో ఆడుకోవడమేమిటని అతనికి మొదటి నుంచీ ఉంది. కానీ భార్య మాట తీసెయ్యలేక వస్తున్నాడు. ఇస్త్రీ ప్యాంటు నలగకుండా ఎలా కూర్చోవాలో తెలియక, చాప మీద ఒక మోకాలు పైకి పెట్టి కూలబడ్డాడు.

గది చిన్నదే. పిల్లలకు అందేంత ఎత్తులో అరలు, వాటిల్లో బొమ్మ మనుషులు, ఆవులు, పులులు, బుల్లి గిన్నెలు, ఒక చెక్క ఇల్లు. శృతి తండ్రి వైపు చూడలేదు. అరలోంచి చెక్క ముక్కలు తెచ్చి ఇసుకలో రెండు స్తంభాలు నిలబెట్టింది. వాటి మీద అడ్డంగా ఒక ముక్క పెట్టింది. లోపలి వైపు చిన్న చిన్న కుర్చీలు వరుసగా పేర్చింది. కుర్చీకొక ముసలి బొమ్మ చొప్పున కూర్చోబెట్టింది. తరువాత రంగు కాగితం చింపి స్తంభానికి వేలాడదీసింది.

“గేటు కట్టినవ్. లోపల అందరు కూసున్నరు,” అంది శ్వేత. ఆమె కళ్ళతో చూసినదాన్ని చెప్పడమే తప్ప ఏమీ అడగదు.

బలరాం చెవులు వేడెక్కాయి. ఆ గేటు అతనికి తెలుసు. ఆ రంగు కాగితాలూ తెలుసు. స్కూల్లో నాయనమ్మలు, అమ్మమ్మలు, తాతలను పిలిచి సన్మానం చేసిన రోజు కట్టినవి అవి. శ్వేత ముఖంలోకి చూశాడు, ఈమెకు తెలిసిపోయిందా అని. ఆ ముఖంలో ఏమీ దొరకలేదు. లేచి బయటికి పోవడానికి ఒక్క సాకు దొరికితే బాగుండుననుకున్నాడు. జేబులోని ఫోన్‌ను తలుపు దగ్గరే శ్వేత తీసుకుని పక్కన పెట్టింది.

శృతి గౌను జేబులోంచి చేతిరుమాలు తీసింది. దాని మూలకు ముడి వేసి ఉంది. పళ్ళతో ఆ ముడి విప్పింది. లోపల గోరంత అద్దం ముక్క, దాని చుట్టూ ఇంకా ఊడకుండా ఉన్న ఎర్ర దారం. ఒక గుడ్డ బొమ్మను ఎంచుకుని, దాని లంగాకు కాస్త మట్టి ముద్ద అద్ది, ఆ అద్దాన్ని అతికించింది. కిటికీ వెలుతురు దాని మీద పడి గోడ మీద చిన్న మచ్చ కదిలింది.

జమ్లీ పేటియాకు, ఆ లంబాడీ లంగాకు, ఉండే అద్దాల్లో ఒకటది. చిన్నప్పుడు తల్లి ఒడిలో పడుకుని బలరాం ఆ అద్దాల్లోనే తన ముఖం చూసుకునేవాడు. ఒక దానిలో కన్ను, ఇంకో దానిలో ముక్కు. ఏ అద్దం ఎక్కడ ఉంటుందో అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు. జనగామ వచ్చాక ఆ పేటియా ట్రంకు పెట్టెలోకి పోయింది, తల్లి ఒంటి మీదికి చీర వచ్చింది. మళ్ళీ ఒక్కసారే బయటికి వచ్చింది, ఆ స్కూలు రోజున.

శృతి అద్దం బొమ్మను గేటు ముందు నిలబెట్టింది. దాని పక్కన ఒక చిన్న పాప బొమ్మను, చెయ్యి చేతికి తగిలేలా. తరువాత ప్యాంటు, చొక్కా వేసుకున్న మగ బొమ్మను తీసుకుని తండ్రి ముందుకు వచ్చి, అతని అరచేతిలో పెట్టింది.

బలరాం ఆ బొమ్మను వేళ్ళ మధ్య తిప్పాడు. శ్వేత చెప్పిన మాట గుర్తొచ్చింది.

“నేనేమనాలి?” అని అడిగాడు.

శృతి అతని మెడ మీద చెయ్యి వేసింది. నోరు చెవి దగ్గర పెట్టింది. రెండు నెలలుగా ఏ గొంతు కోసం ఆ ఇంట్లో దేవుళ్ళందరికీ మొక్కుకున్నారో, ఆ గొంతు ఊపిరంత సన్నగా వచ్చింది.

“ఈమె మా ఇంట్ల పని చేసేటామె అను.”

బిడ్డ మాట్లాడిందని సంతోషించే అవకాశం కూడా అతనికి లేకుండా పోయింది. ఆ మాట అతనిదే. ఆ స్కూలు రోజున బ్యాంకు మేనేజరు హరీష్ తన తల్లిని కారులో తెచ్చి గేటు దగ్గర దింపుతూ, నవ్వుతూ అడిగాడు, ‘ఎవరు బలరాం గారూ, ఈమె?’ అని. ఆ నవ్వులో వెక్కిరింత లేదు. ఊరికే అడిగాడు. మా అమ్మ అంటే, ఓహో నమస్కారమమ్మా అనేవాడేమో. కానీ ఆ క్షణాన బలరాం కళ్ళకు తల్లి కనిపించలేదు. ఎర్ర పేటియా, మోచెయ్యి దాటిన గాజులు, చెంపల పక్కన వేలాడే వెండి మాత్రమే కనిపించాయి. మా ఇంట్లో పని చేసే ఆమె సార్, పాపను తీసుకొచ్చింది, అన్నాడు. గడగడా, తడబడకుండా అన్నాడు. పక్కన శృతి దాది వేలు పట్టుకుని నిలబడి ఉంది.

దాది అని ఆ పిల్ల నాయనమ్మను పిలుస్తుంది. ఆ రోజు దాది లోపలికి రాలేదు. ఎండలో ఆటోల దగ్గర నిలబడింది. సాయంత్రం ఇంటికి వచ్చి చీర కట్టుకుని, పేటియా మడిచి మూట కట్టింది.

ఆమెకు తెలుగు కూరగాయల బేరం వరకే వచ్చు, ఆ గోలలో వినపడి ఉండదు, విన్నా అర్థమై ఉండదు. ఈ మూడు మాటలను బలరాం రెండు నెలలుగా మందు వేసుకున్నట్టు రోజూ చెప్పుకుంటున్నాడు. బిడ్డకు తెలుగు బ్రహ్మాండంగా వచ్చునన్న సంగతి మాత్రం ఎందుకో గుర్తు రాలేదు.

శృతి ఎదురుచూస్తోంది. బలరాం మగ బొమ్మను గేటు దగ్గరికి జరిపాడు.

“ఈమె... ఈమె మా అమ్మ,” అన్నాడు.

శృతి తల అడ్డంగా ఊపింది. మళ్ళీ వచ్చి చెవిలో చెప్పింది. “నువ్వు గట్ల అనలే.”

బలరాం శ్వేత వైపు చూశాడు. ఈసారి సాయం అడుగుతున్నట్టు చూశాడు.

“ఎట్ల జరిగిందో గట్లనే కావాలె శృతికి,” అంది శ్వేత నెమ్మదిగా. 

తప్పించుకునే దారి లేదు. గేటు దగ్గర అంత సులువుగా వచ్చిన మాట ఇక్కడ, ముగ్గురే ఉన్న గదిలో, రానంది. చివరికి చెప్పాడు, ఈమె మా ఇంట్ల పని చేసేటామె అని. తన గొంతు తనకే అసహ్యంగా వినిపించింది. బ్యాంకులో ఎవరి సంతకం నకిలీదైనా పట్టుకునేవాడు, తనను తాను చూసుకుని తల దించుకున్నాడు.

అది వినగానే శృతి అద్దం బొమ్మను తీసుకుని గది మూలకు, చెప్పుల స్టాండు పక్కకు నడిపించింది. వెనక్కి వచ్చి పాప బొమ్మను ఇసుకలో బోర్లా పడుకోబెట్టింది. మట్టి ముద్ద చిదిమి దాని నోటికి మెత్తింది. ఒకటి చాలలేదేమో, ఇంకొంచెం తెచ్చి ముక్కు కింద అంతా కప్పేసింది.

“పాప నోరు మూసినవ్. గట్టిగ మూసినవ్,” అంది శ్వేత.

బలరాంకు ఎందుకని అడగాలని ఉంది. ప్రశ్నలు అడగొద్దన్నారు. అడగడానికి అతనికి మిగిలింది ఒక్కటే.

“ఇప్పుడు నేనేమనాలె?”

నేనేమనాలి అనలేదు, అనాలె అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా దిద్దుకున్న నాలుక అది. అతనికి ఆ సంగతి తెలియలేదు. శృతి చెవి దగ్గరికి వచ్చింది. ఈసారి గుసగుస కొంచెం పొడవుగా సాగింది.

“ఏమనకు. పాప మాట్లాడొద్దు. పాపనే అద్దాల లంగా కట్టుకో దాదీ అన్నది. దాది వద్దన్నది. పాపనే కట్టుకో కట్టుకో అన్నది. పాప మాట్లాడితెనే దాది పోయింది.”

అదీ సంగతి. ఆరేళ్ళ పిల్ల రెండు నెలలు మోసిన మూట అది. తప్పు చేసినవాడు కడుపునిండా తిని, ఇంకొకరి మీద నింద వేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తిరుగుతుంటే, ఆ తప్పు తనదేననుకున్న పిల్ల తన నోటికి తానే శిక్ష వేసుకుంది. బలరాం రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. సిగ్గు అంటే నలుగురిలో తల వంచుకోవడమని అతను అనుకునేవాడు. ఎవరూ ఏమీ అనని గదిలో కూడా ఇంత సిగ్గు పడవచ్చని తెలియదు.

“తన వల్లనే దాది పోయిందని ఆ పాప అనుకుంటుంది,” అంది శ్వేత, బొమ్మను చూస్తూ. “చాన బరువు మోస్తుంది.”

“పాప తప్పు కాదు,” అన్నాడు బలరాం. బొమ్మను గట్టిగా పట్టుకున్నాడు. “పాప మంచి మాటనే చెప్పింది. తప్పు వీనిది. వీడే అన్నడు. పాపది ఏం తప్పు లేదు.”

శృతి అతని ముఖం వైపు చూసింది. గదిలోకి వచ్చాక అదే మొదటిసారి చూడటం. ఆ చూపులో కోపం లేదు. నమ్మకమూ లేదు. కాసేపు అలా చూసి, మూలనున్న అద్దం బొమ్మను తెచ్చి గేటు ముందు నిలబెట్టింది. తండ్రి చేతిలోని మగ బొమ్మను తీసుకుని దానికి ఎదురుగా నిలబెట్టింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

“నేనేమనాలె?” అన్నాడు బలరాం.

శృతి చెవి దగ్గరికి రాలేదు. భుజాలు ఎగరేసింది. నాకేం తెలుసు అన్నట్టు.

ఈ మాట అందించేవాళ్ళు లేరు. అతను వెతుక్కున్నాడు. తల్లి బొమ్మ ఎదురుగా నిలబడిన మగ బొమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు. ఇక ఐదు నిమిషాలే ఉన్నాయని శ్వేత చెప్పింది. ఆ ఐదు నిమిషాలూ అలాగే గడిచాయి.

ఆట అయిపోయాక బొమ్మలు గదిలోనే ఉండాలి, అది అక్కడి పద్ధతి. శృతి మిగతావన్నీ అరల్లో సర్దింది. గుడ్డ బొమ్మ లంగా నుంచి అద్దాన్ని ఒలిచి, మట్టి తుడిచి, చేతిలో దాచుకుంది. పాప బొమ్మ నోటి మీది మట్టి మాత్రం తియ్యలేదు.

వరండాలో బలరాం శ్వేతకు అంతా చెప్పాడు. మేనేజరు అడగడం, తాను అనడం, మొదటి రోజు ఆమెకు అబద్ధం చెప్పడం, రజిత టీచరును ఏడిపించడం. చెబుతున్నంతసేపూ గోడ మీది బల్లిని చూస్తూ చెప్పాడు. ఆమె తిడుతుందేమోనని ఎదురుచూశాడు. తిడితే తేలికయ్యేది.

“నాతోని చెప్పిన్రు, మంచిదే,” అంది శ్వేత. “నాకన్న ముందుగాల చెప్పాల్సినోళ్ళు ఇద్దరున్నరు సార్. టీచరొకరు. ఇంకొకరు మీకెరుకే.”

“మా అమ్మకు తెల్వదు మేడం. ఆమెకు తెలుగు సరిగ రాదు. ఇప్పుడు పోయి చెప్తే లేని బాధ పెట్టినట్టయితది.”

చెప్పాడే గానీ, చెబుతున్నప్పుడే ఆ మాటలో ఎంత సొంత లాభం ఉందో అతనికి అర్థమైంది. శ్వేత చూపు అతని చొక్కా పట్టుకుని లాగుతున్న శృతి మీద ఉంది. బలరాం వంగాడు. శృతి అతని అరచెయ్యి విప్పి, అద్దం ముక్కను పెట్టి, వేళ్ళు మూసింది.

“దాదిని తీస్కరా. గీ ఆటకు,” అంది చెవిలో.

బయట వేపచెట్టు నీడలో నిలబడి బలరాం ఫోన్ చేశాడు. శృతి అతని వేలు పట్టుకుని నిలబడింది. చుట్టూ వేరే పిల్లల తల్లులు తమ ఇంటి భాషలో, అంటే తన ఇంటి భాషలోనే, గట్టిగా మాట్లాడుకుంటున్నారు. ఎవరూ సిగ్గుపడటం లేదు. చాలాసేపు మోగాక జమ్లీ ఎత్తింది. వెనుక మిరప చేనులో ఆడవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి.

“యాడి,” అన్నాడు. అమ్మను అలా పిలిచి ఎన్నాళ్ళయిందో.

తల్లి ఇంటి భాషలోనే పలకరించింది. తిన్నావా అంది. అనిత బాగుందా అంది. ఘాటుకు కళ్ళు మండుతున్నాయంది. ఆ తరువాత గొంతు తగ్గించి, పిల్ల మాట్లాడుతోందా అని అడిగింది.

“మాట్లాడింది. నిన్ను రమ్మంటోంది. వచ్చే శనివారం మహబూబాబాద్‌కు రావాలి. గూడూరు బస్టాండుకు నేనే వచ్చి తీసుకుపోతా,” అన్నాడు, అదే భాషలో. మిగతాది కూడా ఇప్పుడే చెప్పెయ్యాలనుకున్నాడు. నోటికి వచ్చింది మాత్రం ఇంకోటి. “అక్కడ కొంచెం మంది ఉంటారు, అంతే.”

అటు వెనుక మాటలు దూరమయ్యాయి, జమ్లీ గట్టు మీదికి నడిచినట్టుంది. తరువాత జమ్లీ మాట్లాడింది. కొడుకుతో ఈ ముప్పై ఏళ్ళలో ఎన్నడూ మాట్లాడని తెలుగులో మాట్లాడింది. ఎక్కడా తడబడలేదు.

“వస్త బిడ్డా. చీరనే కట్టుకొస్త. గాడ ఎవలన్న అడిగితె నువ్వు పరేషాన్ గాకు, నువ్వేం చెప్పకు. వాళ్ళింట్ల పని చేస్తనని నేనే చెప్త.”

పాత ఫోను, గొంతు బయటికే వినిపిస్తుంది. శృతి వింది. పట్టుకున్న వేలును వదిలేసి, ఆ చేతినే ఫోన్ కోసం పైకి చాపింది.